సర్టిఫికెట్ తర్వాత, ముందు బొమ్మను చూడండి!

ఖతీఫ్ (సౌదీ అరేబియా) నుంచి:

సైటుకి ఇనుము లారీ వస్తే నేను మొదట చూసేది కడ్డీల కట్టకు వేలాడే బిళ్ల. దాని మీదున్న హీట్ నంబరు, మిల్లు పంపిన టెస్ట్ సర్టిఫికెట్‌లో ఉన్న నంబరు ఒకటేనా అని చూస్తా. కలవకపోతే లారీ వెనక్కే. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, సొంత డబ్బుతో ఒక బొమ్మ కొన్నప్పుడు మాత్రం కాగితం చూసి మురిసిపోయా. నాలాగా ఇంకొకరు మోసపోకూడదనే ఈ నాలుగు ముక్కలు.

మాది పాత కరీంనగర్ జిల్లా. పోయిన సెలవులో ఇంటి గృహప్రవేశం పెట్టుకున్నాం. హాల్లోకి మనదనిపించే బొమ్మ ఒకటి ఉండాలని నా ఆశ. తోట వైకుంఠం గారు మా జిల్లా బూరుగుపల్లిలో పుట్టినవారే. నుదుట పెద్ద బొట్టు, ఎర్రటి చీర, నల్లని ఒంటిరంగుతో ఆయన గీసిన ఆడవాళ్లను చూస్తే మా అమ్మ, మేనత్తలు గుర్తొస్తారు. అసలు పెయింటింగ్ కొనే తాహతు మనకెక్కడిది? హైదరాబాద్‌లో ఒక దుకాణంలో ‘లిమిటెడ్ ఎడిషన్ ప్రింటు, సంతకం ఉంది, సర్టిఫికెట్ కూడా ఇస్తాం’ అన్నారు. 22 వేలు. నా నెల మిగులు మొత్తం. కింద 34/75 అని నంబరు, పక్కన సంతకం. కొనేశా.

ఈ ఎండాకాలం మా కంపెనీకి ఖతీఫ్‌లో ఒక చిన్న గ్యాలరీ లోపలి పని దొరికింది. జిప్సమ్ గోడలు, లైట్లు, ఏసీ. ఎండలో కాకుండా నీడలో పని అని మా కుర్రాళ్లకు సంబరం. అక్కడ బొమ్మలు దించి గోడకెక్కించే సూడాన్ పెద్దాయన ఒకరున్నారు. పెట్టె విప్పితే ముందు చేతులు కడిగి తుడుచుకుంటాడు. కాగితాన్ని ఒంటి చేత్తో ఎత్తనే ఎత్తడు. ‘సాదిక్, ఈ గదిలో ఏసీ రాత్రి కూడా ఆపొద్దు’ అన్నది ఆయన మొదటి మాట. ఖతీఫ్ గాలిలో సముద్రపు తేమ ఎక్కువ. కాగితం తేమకు ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అందుకే తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉండాలి. వెలుతురు కూడా 50 లక్స్ దాటొద్దన్నాడు. మేం పెట్టిన లైట్లు సగానికి సగం తగ్గించాల్సి వచ్చింది.

వెనక్కి పోయిన బొమ్మ

ఒక రోజు ఆయన ఒక ప్రింటును ఫ్రేమెక్కించకుండా పక్కన పెట్టేశాడు. సర్టిఫికెట్‌లో ఉన్న కొలత, బొమ్మ కొలత రెండు సెంటీమీటర్లు తేడా. ‘కాగితం మంచిదే, కానీ ఈ బొమ్మది కాదు’ అన్నాడు. నాకు వెంటనే హీట్ నంబరు గుర్తొచ్చింది. ఇక వదల్లేదు. టీ టైములో కూర్చోబెట్టి అంతా అడిగా.

లిమిటెడ్ ఎడిషన్ అంటే చిత్రకారుడు ఇన్ని కాపీలే అని ముందే లెక్క కట్టి తీయించేవి. 34/75 అంటే 75 కాపీల్లో 34వ నంబరుది. సాధారణంగా అంచులో పెన్సిల్‌తో ఎడమవైపు నంబరు, కుడివైపు సంతకం ఉంటాయి. నంబరు బదులు ఏ.పీ. అని ఉంటే అది చిత్రకారుడు తన కోసం ఉంచుకున్న ప్రతి. మన ఇళ్లలో తాతల కాలం నుంచి ఉన్న రవివర్మ లక్ష్మి, సరస్వతి బొమ్మలు ఈ లెక్కలోకి రావు. 1894లో ముంబైలో ఆయన పెట్టిన ప్రెస్సు ఉద్దేశమే వేరు, ఎంతమందికైతే అంతమందికి దేవుడి పటం అందాలని.

ఇప్పుడు అసలు సంగతి. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉంటే చాలు. సెరిగ్రాఫ్ అంటే పిండి జల్లెడలాంటి సన్నటి తెర గుండా ఒక్కో రంగును వేరువేరుగా తోసి వేసేది. భూతద్దంలో రంగు ముద్దగా, నిండుగా కనిపిస్తుంది. ఆఫ్‌సెట్ పోస్టరైతే నాలుగు రంగుల చుక్కలు పూల రేకుల్లా వరుసగా కనిపిస్తాయి. ఇంక్‌జెట్‌దైతే పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు. ఎచింగ్‌కు ఇంకో గుర్తు ఉంది. రేకు మీద కాగితం పెట్టి ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు కాబట్టి బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కు పడుతుంది. వేలు దగ్గరికి పోనీకుండా పక్క నుంచి వెలుతురు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

సంతకం కూడా అంతే. నిజం పెన్సిల్ గీత ఏటవాలుగా చూస్తే మెరుస్తుంది. అచ్చు వేసిన సంతకం మెరవదు, భూతద్దంలో చుక్కలుగా విడిపోతుంది.

సంతకం నిజమైనదైనా సరిపోదని కూడా చెప్పాడు. 1974లో ఫ్రాన్స్ - అండోరా సరిహద్దులో ఆపిన ఒక లారీలో సాల్వడార్ డాలీ సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు దాదాపు 40 వేలు దొరికాయి. సంతకం ముందు, బొమ్మ తర్వాత! అందుకే కాగితం, రంగు, కొలత, నంబరు, బిల్లు అన్నీ ఒకదానికొకటి కలవాలి.

మనవాళ్ల గొప్ప

ప్రింటంటే జిరాక్సు కాదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు పారిస్‌లో హేటర్ అనే ఆయన వర్క్‌షాపులో ఒకే రేకు నుంచి ఒకేసారి పలు రంగులు అచ్చు వేసే పద్ధతిని తయారు చేసినవారిలో ముఖ్యులు. పలచటి రంగు, చిక్కటి రంగు ఒకదాన్నొకటి తోసుకునే గుణమే దాని కిటుకు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌లకూ దేశమంతా పేరుంది, 2016లో పద్మశ్రీ ఇచ్చారు. ఇలాంటివారి కష్టానికి నకిలీ తగిలితే పోయేది కొన్నవాడి డబ్బొక్కటే కాదు.

కంసాలి భూతద్దం

ఆ రాత్రి రూముకొచ్చి ఇంటికి ఫోన్ చేశా. మా ఊళ్లో కంసాలి దగ్గర భూతద్దం అడిగి తెమ్మన్నా. మా ఆమె పటం దించి వీడియోలో చూపిస్తూ, ‘ఇగో, చీరలో చుక్కలే, సంతకంలో కూడా చుక్కలే ఉన్నయి’ అంది. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

దుకాణానికి ఫోన్ చేస్తే ‘బిల్లు చూసుకోండి’ అన్నారు. చూస్తే ‘ఫ్రేమ్ బొమ్మ - 1’ అని ఉందంతే. వైకుంఠం పేరు లేదు, సెరిగ్రాఫ్ అని లేదు, నంబరు లేదు. సర్టిఫికెట్ మీద ఎవరి పేరూ, ఫోన్ నంబరూ లేవు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. కానీ చేతిలో ఇలాంటి బిల్లు పెట్టుకుని ఏం వాదించాలి?

కాబట్టి అన్నలారా, తమ్ముళ్లారా, సెలవుకి పోయి బొమ్మ కొంటే బిల్లులో చిత్రకారుడి పేరు, ఏ పద్ధతి ప్రింటు, ఎడిషన్ నంబరు, కొలత, ఏ ఏడాదిది అన్నీ రాయించుకోండి. ఫ్రేమ్ నుంచి బయటకు తీసి చూపించమనండి. ‘అద్దం తీయం’ అంటే దండం పెట్టి వచ్చేయండి. ఇంక్‌జెట్ ప్రింటు కొనడం తప్పు కాదు, అదే పేరు చెప్పి అదే ధరకు అమ్మితే. కొన్నాక అంచులు కత్తిరించకండి, జిగురుతో అట్టకు అంటించకండి, ఎండ పడే గోడకు పెట్టకండి.

మా బొమ్మ మళ్లీ గోడకెక్కింది. తీసేద్దామంటే మా ఆమె ఒప్పుకోలేదు, ‘ఆ తల్లి ఏం చేసింది పాపం’ అంది. ఒక్క పని మాత్రం చేయించా. పటం వెనక అట్ట మీద పెన్నుతో ‘ఇది అచ్చు పోస్టరు, సంతకం నిజం కాదు’ అని రాయించా. రేపు మా పిల్లలు తెలియక ఇంకొకరికి అమ్మకూడదు కదా.