సైనిక పిస్టల్‌కు పౌర రూపం: కోల్ట్ గవర్నమెంట్ మోడల్ ఎందుకు అరుదైంది?

సైన్యం కోసం రూపొందిన ఆయుధం బయటివారికి దొరకడం కష్టమని, అదే ఆయుధానికి పౌరుల కోసం తయారైన రూపం మాత్రం తేలికగా లభిస్తుందని సాధారణంగా భావిస్తారు. అమెరికాకు చెందిన కోల్ట్ సంస్థ తయారుచేసిన 1911 మోడల్ పిస్టల్ విషయంలో ఈ అంచనా తలకిందులైంది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి సైనిక పిస్టళ్లు దాదాపు 27 లక్షలు తయారుకాగా, యుద్ధానికి ముందరి పౌర శ్రేణి సుమారు 2 లక్షల 15 వేల వద్దనే ఆగిపోయింది. అందులోనూ పెద్ద భాగం పౌరుల చేతికి చేరలేదు.

జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ ఆయుధాన్ని అమెరికా సైన్యం 1911 మార్చి 29న తన సర్వీస్ పిస్టల్‌గా, అంటే సైనికులకు అధికారికంగా అందజేసే చేతి తుపాకీగా, స్వీకరించింది. దీని తూటా వ్యాసం 0.45 అంగుళం, అంటే సుమారు 11.4 మిల్లీమీటర్లు, ఏడు తూటాలు పట్టే మ్యాగజైన్ పిడిలోపల అమరుతుంది, తూటా పేలినప్పుడు కలిగే ప్రతిచర్య బలంతో స్లైడ్ అనే పైభాగం వెనక్కి జరిగి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, తిరిగి ముందుకు వస్తూ తరువాతి తూటాను గొట్టంలోకి నెడుతుంది. హార్ట్‌ఫర్డ్‌లోని తన కర్మాగారంలో సైన్యానికి ఈ పిస్టల్‌ను చేసిపెడుతూనే, కోల్ట్ సంస్థ 1912 నుంచి అదే నిర్మాణాన్ని గవర్నమెంట్ మోడల్ అన్న పేరుతో ప్రజలకూ అమ్మసాగింది. పనితీరులో రెండింటికీ భేదం లేదు. సైనిక పిస్టల్‌పై అది అమెరికా ప్రభుత్వ ఆస్తి అని తెలిపే ముద్ర ఉండేది, పౌర పిస్టల్‌పై ఆ ముద్ర లేకపోగా, వాణిజ్య శ్రేణికి గుర్తుగా క్రమసంఖ్యకు ముందు ‘సి’ అక్షరం ఉండేది.

అయితే ‘సి’ అక్షరం ఉన్నంత మాత్రాన ఆ పిస్టల్ పౌరుడి కోసమే పుట్టిందని చెప్పడానికి వీలులేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జారు ప్రభుత్వపు రష్యా కోసం బ్రిటన్ మధ్యవర్తిత్వంతో కుదిరిన ఒప్పందం కింద సుమారు 50 వేల పిస్టళ్లు ఈ వాణిజ్య శ్రేణి నుంచే వెళ్లాయి. వాటిపై ఆంగ్ల ఆర్డరు అన్న అర్థమిచ్చే రష్యన్ ముద్ర కనిపిస్తుంది. ఆ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు అమెరికాను కమ్మిన ఆర్థిక మాంద్యం వల్ల 1930లలో ఖరీదైన చేతి తుపాకులు కొనేవారు తగ్గిపోవడంతో, ఆ దశకంలో తయారైన పౌర పిస్టళ్లు సహజంగానే పరిమితంగా మిగిలాయి.

అసలు దెబ్బ 1942లో తగిలింది. యుద్ధ అవసరాల కోసం పౌర ఉత్పత్తిని నిలిపివేసిన కోల్ట్ సంస్థ, అప్పటికే సిద్ధంగా ఉన్న వేలాది వాణిజ్య పిస్టళ్లను సైన్యానికి మళ్లించి, వాటి పాత క్రమసంఖ్యలను చెరిపి సైనిక సంఖ్యలు ముద్రించింది. పాత అంకెల జాడలు కనిపించే ఈ పిస్టళ్లను నేటి సేకరణకర్తలు ప్రత్యేక వర్గంగా పరిగణిస్తారు. అదే యుద్ధకాలంలో రెమింగ్టన్ రాండ్, ఇథాకా వంటి సంస్థలు లక్షల సంఖ్యలో సైనిక పిస్టళ్లను ఉత్పత్తి చేశాయి. కుట్టుమిషన్లతో తెలుగు ఇళ్లకూ పరిచితమైన సింగర్ సంస్థ చేసినవి 500 మాత్రమే కావడంతో, ఆ యుద్ధకాలపు సైనిక శ్రేణిలో అత్యంత అరుదైన స్థానం వాటికే దక్కింది. పౌర ఉత్పత్తి 1946లో మళ్లీ మొదలైంది గాని, సేకరణకర్తలు ప్రధానంగా వెతికేది యుద్ధానికి ముందరి పిస్టళ్లనే.

ఆ పాత శ్రేణిలోనూ కొన్ని రకాలు మరింత విలువైనవి. కార్ల లోహపు తొడుగును చీల్చగల వేగవంతమైన తూటా కోసం 1929లో వచ్చిన సూపర్ .38, లక్ష్యవేధ పోటీల కోసం 1930లలో ప్రత్యేక శ్రద్ధతో అమర్చిన నేషనల్ మ్యాచ్ ఈ కోవలోనివి. ఆ దశకం చివర కొన్ని వాణిజ్య పిస్టళ్లలో స్వార్ట్జ్ భద్రతా ఏర్పాటు చేరింది; ఫైరింగ్ పిన్, అంటే తూటా అడుగును తాకి దానిని పేల్చే సూది, పిడి వెనుక మీటను చేతితో నొక్కి పట్టుకున్నప్పుడే కదిలేలా ఇది చూసేది.

అరుదైన వస్తువుకు ధర పెరిగినచోట నకిలీ కూడా పుడుతుంది. 1911 పిస్టల్ భాగాలు ఒకదానిలోవి మరొకదానిలో సరిపోయేలా తయారయ్యాయి. యుద్ధభూమిలో మరమ్మతుకు అక్కరకొచ్చిన ఈ సుగుణమే సేకరణకర్తకు చిక్కు తెచ్చిపెట్టింది. ఎందుకంటే పౌర పిస్టల్ స్లైడ్‌ను సైనిక పిస్టల్ అడుగు చట్రంపై బిగించడం, ప్రభుత్వ ముద్రను అరగదీసి కొత్త నీలివన్నె పూయడం కష్టమైన పనులు కావు. అందువల్ల అనుభవజ్ఞులు మొదట చట్రంపై క్రమసంఖ్యను, ఆ సంఖ్య సూచించే కాలానికి స్లైడ్‌పై రాతలు సరిపోతున్నాయా లేదా అన్నదానిని, పిమ్మట అక్షరాల అంచుల పదునును చూస్తారు. మళ్లీ సానపట్టిన లోహంపై అక్షరాల అంచులు మొద్దుబారుతాయి. చివరి సాక్ష్యం కోల్ట్ సంస్థ తన పాత రికార్డుల ఆధారంగా ఇచ్చే ధ్రువీకరణ లేఖ. ఆ పిస్టల్ ఏ తేదీన, ఎవరికి పంపబడిందో అందులో ఉంటుంది. అసలు పూత అరిగినా మార్పులకు గురికాని పిస్టల్‌కు, కొత్త పూతతో మెరిసేదానికంటే ఎక్కువ విలువ రావడం ఈ కారణంగానే.

అమెరికా చట్టం 50 ఏళ్లు దాటిన తుపాకులను సేకరణ విలువ గల ప్రత్యేక వర్గంగా గుర్తించి, సేకరణకర్తలకు వేరుగా లైసెన్సు ఇస్తుంది. క్రమసంఖ్యను చెరిపివేసిన తుపాకీని కలిగి ఉండటాన్ని నేరంగా పరిగణిస్తుంది. ఆ దేశంలో 2018 నుంచి పౌర లక్ష్యవేధ కార్యక్రమం అనే సంస్థ సైన్యం వద్ద మిగిలిన 1911 పిస్టళ్లను అర్హులైన పౌరులకు అమ్మసాగడంతో, సైనిక రూపం పౌరుడికి మరింత చేరువైంది, పౌర రూపం మాత్రం అంతే దూరంలో ఉండిపోయింది.

భారతదేశంలో సైనిక పిస్టల్‌కు పౌర రూపమన్న ప్రశ్నే తలెత్తదు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 మిల్లీమీటర్ల సైనిక పిస్టల్ తూటా నిషిద్ధ బోర్ వర్గంలోకి, అంటే సామాన్య లైసెన్సుపై పౌరులకు అనుమతించని పరిమాణాల జాబితాలోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా, తెలంగాణలోనైనా లైసెన్సుదారుకు దేశీయ ఆయుధ కర్మాగారాలు అమ్మే పిస్టల్ చిన్నదైన .32 పరిమాణానిది. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత ఒక వ్యక్తి సాధారణంగా గరిష్ఠంగా రెండు తుపాకులే ఉంచుకోగలడు. అమెరికా సైనిక, పౌర పిస్టళ్లను ముద్రతోను, క్రమసంఖ్యతోను వేరుచేయగా, భారతదేశం తూటా పరిమాణంతోనే వేరుచేసింది. ఒక ఆయుధం అరుదు కావడం దాని పనితనం వల్ల కాక, దానిని ఎవరు కొన్నారు, ఏ యుద్ధం మింగింది, ఏ చట్టం అనుమతించింది అన్న విషయాల వల్లనే నిర్ణయమవుతుందని కోల్ట్ గవర్నమెంట్ మోడల్ చరిత్ర తెలుపుతుంది.