చెరిపినా చెరగని ఊరు

మ్యాపుల్లోంచి పేరు తీసేశారు. ఇళ్లు తగలబెట్టారు. చెట్లు కూల్చేశారు. వాగు దారి మళ్లించారు. ఆఖరికి సమాధుల్నీ వదల్లేదు. అయినా చెక్ రిపబ్లిక్‌లోని ఆ చిన్న పల్లె బతికే ఉంది. అంతేనా... ఎక్కడో సముద్రాల అవతలి ఊళ్లకీ తన పేరు పెట్టించుకుంది. ఆ పల్లె పేరు లిడిత్సె!

1942 డిసెంబరు. ఇంకో రెండు రోజుల్లో క్రిస్మస్. నాలుగేళ్ల జైలుశిక్ష పూర్తిచేసుకున్న ఓ వ్యక్తి ఇంటికి బయల్దేరాడు. దారి అతనికి కొత్తకాదు, సొంత ఊరే. కానీ వచ్చి చూస్తే అక్కడ ఊరు లేదు! ఇల్లు లేదు, చర్చి లేదు, బడి లేదు. ఉన్నదల్లా ఖాళీ నేల. ఆర్నెల్ల కిందట ఏం జరిగిందో జైల్లో అతనికి ఎవరూ చెప్పలేదు. జైల్లో ఉండటమే అతని ప్రాణాన్ని కాపాడింది. అదే ఊళ్లో ఉండుంటే... ఇప్పుడు ఇలా నిలబడి చూసేందుకూ మిగిలేవాడు కాదు.

గని కార్మికుల ఊరు

చెక్ రాజధాని ప్రాగ్ నుంచి వాయవ్య దిశగా 20 కిలోమీటర్లు వెళ్తే లిడిత్సె వస్తుంది. చిన్న లోయ, అందులో పారే వాగు, వాగుకి అటూ ఇటూ ఇళ్లు, అన్నిటికంటే ఎత్తుగా సెయింట్ మార్టిన్ చర్చి... పాత ఊరు అలా ఉండేది. 14వ శతాబ్దం నాటికే ఉన్న పల్లె. ఒకప్పుడు అందరిదీ వ్యవసాయమే. పక్కనే ఉన్న క్లాడ్నో పట్టణంలో బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాలు వచ్చాక మగవాళ్లలో చాలామంది వాటిల్లో పనికి కుదిరారు. 1942 నాటికి ఊళ్లో ఉన్నది వంద పైచిలుకు ఇళ్లు, దాదాపు 500 మంది జనం. చరిత్ర పుస్తకాలకెక్కే విశేషమేదీ లేని మామూలు ఊరు!

ఒక ఉత్తరం... ఒక అనుమానం

అప్పటికి మూడేళ్లుగా ఆ ప్రాంతమంతా హిట్లర్ ఏలుబడిలో ఉంది. అక్కడ అతని ప్రతినిధి రైన్‌హార్డ్ హైడ్రిష్. యూదుల ఊచకోతకు పథకం రచించినవాళ్లలో ముఖ్యుడు. బ్రిటన్‌లో శిక్షణ పొంది పారాచూట్లతో దిగిన ఇద్దరు సైనికులు గాబ్చిక్, కుబిష్ 1942 మే 27న ప్రాగ్‌లో హైడ్రిష్ కారు మీద దాడి చేశారు. బాంబు పేలి గాయపడ్డ హైడ్రిష్ జూన్ 4న చనిపోయాడు.

హిట్లర్ కోపానికి అంతులేదు. హంతకులు దొరకలేదు. ఎవరో ఒకరు బలికావాలి! సరిగ్గా అప్పుడే ఓ ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయికి వచ్చిన ఉత్తరం పోలీసుల చేతికి చిక్కింది. ఓ పెళ్లైన యువకుడు తన ప్రేమ వ్యవహారాన్ని తెంచుకోవడానికి రాసిన మాటలు వాళ్లకి రహస్య సంకేతాల్లా కనిపించాయి. ఆ తీగ లాగితే లిడిత్సె పేరు వినపడింది. ఆ ఊరివాళ్లు ఇద్దరు బ్రిటన్‌కి వెళ్లి అక్కడి వైమానిక దళంలో చేరారు. అనుమానానికి అదే ఆధారం. సోదాలు చేశారు. హైడ్రిష్ హత్యతో ఊరికి సంబంధం ఉందనడానికి ఏమీ దొరకలేదు. అయినా శిక్ష ఖరారైపోయింది.

ఆ ఒక్క రోజు

జూన్ 9 రాత్రి సైనికులు ఊరిని చుట్టుముట్టారు. ఆడవాళ్లనీ పిల్లల్నీ క్లాడ్నోలోని ఓ బడికి తరలించారు. 15 ఏళ్లు దాటిన మగవాళ్లందర్నీ హొరాక్ అనే రైతు పొలం దగ్గరికి చేర్చారు. తూటాలు గోడకి తగిలి వెనక్కి రాకుండా ఇళ్లలోంచి పరుపులు తెచ్చి గోడకి ఆనించారు. జూన్ 10 ఉదయం నుంచి కాల్పులు. మొదట అయిదుగురు చొప్పున... ఆలస్యమవుతోందని తర్వాత పదేసి మంది చొప్పున. మధ్యాహ్నానికి 173 మందిని చంపేశారు. మూడు దశాబ్దాలకు పైగా ఆ ఊరి చర్చిని చూసుకుంటున్న 73 ఏళ్ల ఫాదర్ స్టెంబెర్కా కూడా వాళ్లలో ఉన్నారు. నైట్ డ్యూటీలకు వెళ్లి ఆ పూట తప్పించుకున్న కార్మికుల్ని తర్వాత పట్టుకుని ప్రాగ్‌లో కాల్చేశారు.

క్లాడ్నో బడిలో మూడు రోజులు గడిచాయి. తర్వాత తల్లుల నుంచి పిల్లల్ని విడదీశారు. తల్లుల్ని రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరానికి పంపించారు. జర్మన్లుగా పెంచడానికి పనికొస్తారనుకున్న కొద్దిమంది పిల్లల్ని పక్కన పెట్టారు. 82 మంది చిన్నారుల్ని పోలెండ్‌లోని హెల్మ్నోకి తీసుకెళ్లి విషవాయువుతో చంపేశారు. మొత్తం 340 మంది ఊరివాళ్ల ప్రాణాలు పోయాయి.

అంతటితో ఆగలేదు. ఇళ్లకు నిప్పు పెట్టి, మిగిలిన గోడల్ని పేల్చేశారు. చర్చిని కూల్చేశారు. శ్మశానాన్ని తవ్వేశారు. వాగు దారి మార్చి నేలను చదును చేశారు. ఇదంతా సినిమా కూడా తీసుకున్నారు. యుద్ధం ముగిశాక న్యూరెంబర్గ్ విచారణలో ఆ సినిమానే వాళ్లకు వ్యతిరేకంగా సాక్ష్యమైంది!

పేరే గెలిచింది

నాజీలు చాలా ఘోరాల్ని గుట్టుగా చేశారు. దీన్ని మాత్రం రేడియోలో చాటుకున్నారు, అందరూ భయపడాలని. జరిగింది వేరు. జులైలోనే అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఓ చిన్న కాలనీ తన పేరును లిడిత్సెగా మార్చుకుంది. మెక్సికోలో శాన్ హెరోనిమో అనే ఊరు తన పేరు పక్కన ఆ పేరును చేర్చుకుంది. వెనెజువెలా రాజధాని కారకాస్‌లో ఓ పేటకి అదే పేరు. లాటిన్ అమెరికా దేశాల్లో ఆడపిల్లలకీ ఆ పేరు పెట్టుకున్నారు.

బ్రిటన్‌లోని స్టోక్ ఆన్ ట్రెంట్ కూడా బొగ్గు గనుల ప్రాంతమే. చనిపోయింది తమలాంటి గని కార్మికులేనని అక్కడివాళ్లు కదిలిపోయారు. డాక్టర్ బార్నెట్ స్ట్రాస్ నాయకత్వంలో 1942 సెప్టెంబరులో ‘లిడిత్సె బతకాలి’ అంటూ ఉద్యమం మొదలుపెట్టి, కష్టార్జితంలోంచి ఊరి పునర్నిర్మాణానికి విరాళాలు పోగుచేశారు.

యుద్ధం ముగిశాక 143 మంది మహిళలు తిరిగొచ్చారు. మగవాళ్లు ఎక్కడో శిబిరాల్లో బతికే ఉంటారన్న ఆశతో వచ్చినవాళ్లకి అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఎంత వెతికినా దొరికిన పిల్లలు 17 మందే. జర్మన్ కుటుంబాల్లో పెరిగిన కొందరు చెక్ భాషే మర్చిపోయారు. కన్నతల్లితో మాట్లాడాలంటే మధ్యలో ఇంకొకరు అనువదించాల్సిన పరిస్థితి!

మళ్లీ దీపాలు వెలిగాయి

పాత ఊరి స్థలాన్ని అలాగే వదిలేసి, కాస్త దూరంలో మెట్ట మీద కొత్త లిడిత్సెని కట్టారు. 1947లో శంకుస్థాపన. ఆ తర్వాత ఒకటొకటిగా 150 ఇళ్లు లేచాయి. రెండు ఊళ్ల మధ్య 1955లో గులాబీ తోట వెలిసింది. వివిధ దేశాల నుంచి పంపిన మొక్కలతో పెంచిన తోట అది. ఇప్పుడూ ఊరి జనాభా అయిదారు వందలే.

పాత ఊరున్న లోయలో నేడు పచ్చిక బయలు, చర్చి పునాదులు, ఉమ్మడి సమాధి, విధ్వంసాన్ని తట్టుకుని నిలిచిన ఒక్క బేరిపండు చెట్టు కనిపిస్తాయి. వాటికి ఎదురుగా 82 మంది కంచు పిల్లలు... 42 మంది అమ్మాయిలు, 40 మంది అబ్బాయిలు. ఒకరితో ఒకరికి పోలిక లేదు. శిల్పి మారియే ఉహితిలోవా 1969లో ఈ పని మొదలుపెట్టి రెండు దశాబ్దాలు దానికే అంకితమయ్యారు. విగ్రహాలన్నీ కంచులోకి మారకముందే 1989లో కన్నుమూశారు. ఆమె భర్త మిగిలిన పనిని తలకెత్తుకున్నారు. 2000లో చివరి విగ్రహాలూ వచ్చి చేరాయి.

ఆ పిల్లల గుర్తుగా 1967 నుంచి లిడిత్సెలో బాలల చిత్రకళా పోటీ జరుగుతోంది. మొదట్లో స్వదేశానికే పరిమితమైనా తర్వాత అంతర్జాతీయమైంది. మన దేశంలోని బడిపిల్లలూ దీనికి బొమ్మలు పంపి బహుమతులు అందుకున్నారు. ఊరి పేరు ఎవరూ పలకకూడదనుకున్నారు ఒకప్పుడు. ఇప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో తమ బొమ్మల కవర్ల మీద చిరునామాగా ఆ పేరే రాస్తున్నారు!