ఇంటి పర్మిషన్ ఊరందరికీ కనబడాలి

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఇల్లు కొనేవాళ్లు ముందుగా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు. ఆస్తి ఎవరి నుంచి ఎవరికి మారిందో, రిజిస్టరైన తనఖా ఏమైనా ఉందో అందులో తెలుస్తుంది. దానికి ఇంటి పన్ను రసీదు తోడైతే చాలామందికి ధీమా వచ్చేస్తుంది. కానీ రెండంతస్తులకు పర్మిషన్ తీసుకుని మూడోది లేపారా, చుట్టూ వదలాల్సిన జాగా వదిలారా అన్నది ఈ రెండు కాగితాల్లోనూ ఉండదు. పర్మిషన్ లేని ఇంటికీ పన్ను వేస్తారు కాబట్టి, పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమని అనుకోవడానికి లేదు. ఆ సంగతి చెప్పేవి అనుమతి పత్రం, మంజూరైన ప్లాన్, పెద్ద భవనాలైతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ఇవి యజమాని బీరువాలో, మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఉండిపోతున్నాయి. కొనేవాళ్లు, పక్కింటివాళ్లు, కాలనీవాళ్లు ఎవరడిగినా చూసుకునేలా ఇవి బయట ఉండాలన్నది నా వాదన.

ఈ అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. 2020లో తెలంగాణ టీఎస్ బీపాస్ చట్టం తెచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి టోకెన్ ఫీజుతో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి అనుమతి ఇవ్వడానికి 21 రోజుల గడువుంది. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పించిన ఈ మార్పు మంచిదే. అయితే 600 గజాల లోపు ఇళ్లకు అధికారి ముందే చూసి సంతకం పెట్టే పద్ధతి పోయి, యజమాని మాటను నమ్మి తర్వాత తనిఖీ చేసే పద్ధతి వచ్చింది. తప్పుడు వివరాలిచ్చి కడితే నోటీసు లేకుండానే కూల్చేయవచ్చని చట్టం చెబుతోంది. అంతటి శిక్ష పెట్టినప్పుడు తప్పు తొందరగా బయటపడే దారి కూడా ఉండాలి. పునాది తీసే రోజే పక్కింటాయనకు ప్లాన్ కనబడితే పొరపాటు అక్కడే ఆగుతుంది. శ్లాబు పడ్డాక బయటపడితే ఇటు కట్టుకున్నవాళ్లకూ నష్టమే, అటు పక్కవాళ్లకూ నష్టమే.

పాత ఇళ్ల విషయం మరింత చిక్కు. ఎల్లారెడ్డి 2018లో మున్సిపాలిటీ అయింది, అంతకు ముందు గ్రామ పంచాయతీ. కామారెడ్డి శివారు గ్రామాలు కొన్ని కూడా అప్పుడే పట్టణంలో కలిశాయి. అక్కడి ఇళ్లలో చాలావాటికి ఆధారం పంచాయతీ ఇచ్చిన కాగితమే. చిన్న ఇంటికి పంచాయతీ అనుమతి చెల్లుతుంది. లేఅవుట్ వేయాలంటే మాత్రం టౌన్ ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం తప్పనిసరి. “పంచాయతీ లేఅవుట్” అని అమ్మిన ప్లాట్లకు ఆ ఆమోదం లేకపోవడం వల్లే 2020లో ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) పెట్టాల్సి వచ్చింది. పంచాయతీల పాత రిజిస్టర్లను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెడితే, పాత తేదీ వేసి కాగితం పుట్టించే పనికి చాలావరకు అడ్డుకట్ట పడుతుంది.

రికార్డు బయట ఉంటే ఏమవుతుందో కామారెడ్డి ఒకసారి చూసింది. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటికి వచ్చాకే తమ సాగు భూములను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపారని రైతులకు తెలిసింది. పెద్ద ఆందోళన జరిగింది. 2023 జనవరిలో మున్సిపల్ పాలకవర్గం ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జోన్ మ్యాపును జనం చదవగలిగారు కాబట్టే ప్రశ్నించగలిగారు. ఇక 2025 ఆగస్టు చివరి వరదల సంగతి చూడండి. కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది, కామారెడ్డి జీఆర్ కాలనీ నీట మునిగింది. అంత వానకు కట్టడాలొక్కటే కారణమని అనను. కానీ 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. వాగులు, నాలాలకూ ఇలాంటి హద్దులున్నాయి. నీళ్లు ఏ దారిన పారేవో పాత కాపులకు తెలుసు. ఏ సర్వే నంబరులో ఏ అనుమతి ఇచ్చారో మాత్రం వాళ్లకు కనబడదు. ఈ రెండూ ఒకచోట చేరితేనే ముంపు దారిలో ఇల్లు లేవకుండా ఆపగలం.

ఇంటి వివరాలు బయటపెడితే గోప్యత పోతుందని, పాత పగలున్నవాళ్లు ఫిర్యాదులతో వేధిస్తారని కొందరంటారు. మొదటి భయంలో న్యాయముంది. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, గదుల లోపలి అమరిక ఎవరికీ చూపనక్కర్లేదు. సర్వే నంబరు, అనుమతి తేదీ, అంతస్తులు, ఎత్తు, సెట్‌బ్యాక్ చాలు. అంతస్తులు, ఎత్తు, సెట్‌బ్యాక్ ఎలాగూ రోడ్డు మీదికి కనబడేవే. పగల మాటకొస్తే, రికార్డు మూసి ఉన్నప్పుడే అవి ఎక్కువ పనిచేస్తాయి. కాగితం ఎదురుగా ఉంటే ఉత్త ఫిర్యాదు నిలవదు, సక్రమంగా కట్టుకున్నవాళ్లకు అదే రక్ష.

అలాంటి రోజు వచ్చేదాకా ఉన్న దారులు వాడుకోవాలి. అమ్మేవాళ్లను అనుమతి ఫైలు నంబరు అడగండి, దాన్ని ఆన్‌లైన్‌లోనూ మున్సిపల్ ఆఫీసులోనూ సరిచూసుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో, లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లతో కట్టే కొత్త ప్రాజెక్టయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో వెతకండి. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో మున్సిపాలిటీకి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్లాన్ కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.