బొమ్మలెయ్యడం నేర్చుకోవడానికి నాలుగేళ్ళా?

ఇంటర్‌లో ఎంపీసీ చదివి, మార్కులు బాగానే తెచ్చుకుని కూడా మా అక్క బీఎఫ్‌ఏ పెయింటింగ్‌లో చేరింది. "బొమ్మలు దానికి చిన్నప్పట్నుంచీ వచ్చు కదా, మళ్ళీ నాలుగేళ్ళు కాలేజీ ఎందుకు?" అని నాన్న. ఆర్నెల్లపాటు ఫోన్లో "తిన్నావా" తప్ప ఆమెతో ఇంకో మాట మాట్లాడలేదు. మా హాస్టల్లోనూ దాదాపు ఇదే మాట: "మీ అక్కకేంట్రా, హాయిగా బొమ్మలేసుకుంటూ పాసైపోతుంది."

అక్క ఇప్పుడు మూడో సంవత్సరం. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చుని చూసింది, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన క్లాసులో కూడా నోట్సు వెనక పేజీలు బొమ్మలతో నింపేవాళ్ళు తక్కువేం లేరు కాబట్టి.

మొదటి ఏడాది: చూడటం

పెయింటింగ్ కోర్సు కదా, వెళ్ళగానే రంగులిస్తారనుకుంటాం. ఇవ్వరు. పెన్సిలు, కాగితం, ఎదురుగా ఒక కుర్చీ, లేదంటే కుండ. మనం కుర్చీని చూసి వెయ్యం, మనకి తెలిసిన కుర్చీని వేస్తాం. నాలుగు కాళ్ళూ సమానం అని తెలుసు కాబట్టి సమానంగా గీస్తాం. నిజానికి మనం కూర్చున్న చోటునుంచి చూస్తే వెనక కాళ్ళు పొట్టిగా కనపడతాయి. తెలిసింది పక్కనపెట్టి కనపడేది గీయడమే మొదటి పాఠం.

దానికి వాళ్ళ దగ్గర కొన్ని కిటుకులున్నాయి. చెయ్యి నిటారుగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ కొలవడం సినిమాల్లో చూసే ఉంటారు. అది స్టైలు కోసం కాదు. మోచెయ్యి వంగకపోతే కంటికీ పెన్సిలుకీ మధ్య దూరం మారదు. అప్పుడు కుర్చీ ఎత్తుకీ వెడల్పుకీ ఉన్న నిష్పత్తి సరిగ్గా దొరుకుతుంది. అంటే టెన్త్‌లో చదివిన సరూప త్రిభుజాలే! ఇంకోటి, కుర్చీ కాళ్ళు గీయకుండా కాళ్ళ మధ్య ఖాళీ ఆకారాలు గీయడం. ఖాళీకి పేరుండదు కాబట్టి "ఇది ఇలాగే ఉండాలి" అని మెదడు అడ్డు రాదు. మూడోది, కళ్ళు సగం మూసి చూడటం. వివరాలన్నీ మసకబారి వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అన్నది తేలిపోతుంది.

మనం ఫస్టియర్ ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో ఐసోమెట్రిక్ వేశాం గుర్తుందా? అందులో సమాంతర రేఖలు ఎంత దూరం పోయినా సమాంతరమే. వస్తువు కొలతలు పోకూడదు, అది మనకి ముఖ్యం. వాళ్ళకి కన్ను ముఖ్యం. అందుకే వాళ్ళ పర్‌స్పెక్టివ్‌లో రైలు పట్టాలు దూరాన ఒక బిందువు దగ్గర కలిసిపోతాయి. రెండూ కరెక్టే, అవసరాలే వేరు.

తర్వాత రంగులు, వాటి కెమిస్ట్రీ

రంగుల పాఠంలో నాకు బాగా నచ్చింది షెవ్రల్ కథ. ఆయన ఫ్రెంచి కెమిస్టు. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగం చూసేవాడు. నల్లదారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపమేం లేదు. పక్కనున్న రంగుల వల్లే ఆ నలుపు వెలిసినట్టు కనపడుతోంది! ఏ రంగైనా పక్క రంగుని బట్టి మారి కనిపిస్తుందని 1839లో ఆయన పెద్ద పుస్తకమే వేశాడు. చిత్రకారులు దాన్ని వదల్లేదు. ఇప్పటికీ విద్యార్థులు ఒకే బూడిదరంగు ముక్కని ఎర్ర కాగితం మీద ఒకసారి, పచ్చ కాగితం మీద ఒకసారి పెట్టి చూస్తారు. రెండూ ఒకే ముక్క అంటే నమ్మబుద్ధి కాదు.

ఆయిల్ పెయింట్ సంగతి ఇంకా మనవైపుది. నీటిరంగు ఆరడమంటే నీళ్ళు ఆవిరైపోవడం. అవిసె నూనె అలా ఆరదు. గాలిలో ఆక్సిజన్‌ని పీల్చుకుని, అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిపడుతుంది. అంటే పాలిమరైజేషన్. అందుకే కింది పూతలో నూనె తక్కువ, పై పూతల్లో ఎక్కువ ఉండాలన్నది నియమం. తిరగేస్తే పై పొర ముందు గట్టిపడుతుంది, కింద ఇంకా కదులుతూ ఉంటుంది, బొమ్మ పగుళ్ళిస్తుంది. కాన్వాసుకి ముందే ప్రైమర్ పూయడం కూడా ఇందుకే. నూనె నేరుగా గుడ్డలోకి ఇంకితే కొన్నేళ్ళకి గుడ్డ పెళుసెక్కిపోతుంది.

అసలు పరీక్ష: క్రిటిక్

మనకి వైవా ఉన్నట్టు వాళ్ళకి క్రిటిక్ ఉంటుంది. వేసిన బొమ్మని గోడకి పెట్టాలి. సారూ, క్లాసంతా చుట్టూ చేరి మాట్లాడతారు. "బాగుంది" అంటే కుదరదు, ఏది ఎందుకు బాగుందో చెప్పాలి. "చూపు ముందు ఈ మూలకే ఎందుకు పోతోంది? అక్కడ ఏముందని?" ఇలాంటి ప్రశ్నలు. నెలరోజులు కష్టపడి వేసినదాన్ని పదినిమిషాల్లో విప్పేస్తారు. మొదట్లో అక్క ఏడ్చేది. ఇప్పుడు తనే ముందు తన బొమ్మలో తప్పు వెతుకుతుంది.

మనవాళ్ళు ఎక్కడ చదివారు?

దామెర్ల రామారావు గారి సంగతి చూడండి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన ప్రతిభ గుర్తించి ప్రోత్సహించారు. 1916లో బొంబాయి జేజే స్కూల్లో చేరారు. చదువయ్యాక రాజమండ్రి తిరిగొచ్చి మరికొందరికి నేర్పారు. 1925లో మశూచితో చనిపోయేనాటికి ఆయనకి నిండా 28 ఏళ్ళు లేవు. ఆ బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చూడొచ్చు. లక్ష్మాగౌడ్, వైకుంఠం ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్ళారు. అక్కడ కేజీ సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. కానీ బరోడా నుంచి బరోడా బొమ్మలు తేలేదు. వైకుంఠం బొమ్మల్లో పెద్ద బొట్టు, ముదురురంగు చీర, ఆ నిండైన మనుషులు తెలంగాణ పల్లెవాళ్ళే. ఏం వెయ్యాలో బడి చెప్పదు. మన ఊళ్ళో రోజూ కళ్ళముందున్నదాన్ని చూడగలిగే కన్ను మాత్రం ఇస్తుంది.

మరి తర్వాత?

ఇక్కడ గొప్పలు చెప్పను. మనలాంటి క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవు. యానిమేషన్, గేమ్ స్టూడియోలు, పుస్తకాలకి బొమ్మలు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, స్కూల్ టీచరు పని, మ్యూజియంలో పాత చిత్రాల సంరక్షణ, ఇలా దారులున్నాయి. బొమ్మలు అమ్ముకునే బతకాలంటే మాత్రం ఏళ్ళు పడుతుంది, ఆదాయం ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. అక్కకీ ఇది తెలుసు. నాన్న భయం కూడా ఇదే, అది అబద్ధమేం కాదు. అయినా మొన్న సంక్రాంతికి అక్క బొమ్మ వేస్తానంటే రెండు గంటలు కదలకుండా కూర్చున్నారు. అయ్యాక చూసి, "నా చెవి ఇంత పెద్దదా?" అన్నారు. అద్దంలో చూసుకుని, "పెద్దదే" అన్నారు.

మీ తమ్ముడో చెల్లో ఈ దారి అడిగితే, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో నాలుగేళ్ళ బీఎఫ్‌ఏ ఉంది. దానికి ప్రత్యేకంగా ఎంట్రన్స్ రాయాలి. అంతకంటే ముందు ఒక పని చెయ్యమనండి: ఇంట్లో కుర్చీని ముప్పై రోజులు, రోజూ ఒక కొత్త చోట కూర్చుని గియ్యమనండి. ముప్పై ఒకటో రోజు కూడా గియ్యాలనిపిస్తే, అప్పుడు ఇంట్లో మాట్లాడటానికి మీరూ పక్కన నిలబడండి.