జట్టు కడితే జోరు.. కణంలో ఎంజైముల పోగులు

తిన్న అన్నం శక్తిగా మారాలన్నా, గాయం మానాలన్నా ఎంజైములు పనిచేయాల్సిందే. కణంలోని ద్రవంలో ఇవి దేనికది విడివిడిగా తిరుగుతూ పనిచేస్తాయని మనం బడిలో చదువుకున్నాం. కానీ, కొన్ని ఎంజైములు అవసరాన్ని బట్టి ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగుల్లా మారతాయి. అవసరం తీరాక మళ్లీ విడిపోతాయి. చిన్నగా కనిపించే ఈ మార్పు మన రోగనిరోధక శక్తితోనూ, కంటి చూపుతోనూ ముడిపడి ఉంది.

ఒకే ఏడాది.. మూడు చోట్ల

2010లో మూడు బృందాలు వేర్వేరుగా ఈ పోగులను చూశాయి. ఆక్స్‌ఫర్డ్‌లో జీ లాంగ్ ల్యూ పండ్ల ఈగల్లో, అమెరికాలోని ప్రిన్స్‌టన్ వర్సిటీ బృందం బ్యాక్టీరియాలో, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా వర్సిటీ బృందం ఈస్ట్‌లో గుర్తించాయి. మూడింటిలోనూ కనిపించిన ఎంజైము ఒక్కటే.. సీటీపీ సింథేజ్. మెలికలు తిరిగిన ఆ పోగులకు ల్యూ ‘సైటోఓఫిడియం’ అని పేరు పెట్టారు. గ్రీకు మాటల్లో కణంలోని పాము అని అర్థం.

డీఎన్ఏ, ఆర్ఎన్ఏల తయారీకి కావాల్సిన ముడిసరుకుల్లో సీటీపీ ఒకటి. దాన్ని తయారుచేయడానికి ఈ ఎంజైము ఏటీపీ శక్తిని ఖర్చు చేస్తుంది. భీమవరంలో పుట్టి హార్వర్డ్‌లో పరిశోధనలు చేసిన మన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో గుర్తించిన పదార్థమే ఈ ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు.

బ్యాక్టీరియాలో సెలవు.. మనలో పని

ఈ-కోలి బ్యాక్టీరియాలో సీటీపీ నిల్వలు పెరిగితే ఎంజైములు పోగు కట్టి పని ఆపేస్తాయని 2014లో తేలింది. మనుషుల్లో ఇది తలకిందులు. ముడిసరుకు అందినప్పుడు సీటీపీఎస్1 ఎంజైములు పోగు కట్టి చురుగ్గా పనిచేస్తాయి. సీటీపీ పెరిగితే విడిపోతాయి. సియాటెల్‌లోని వాషింగ్టన్ వర్సిటీకి చెందిన జస్టిన్ కోల్మన్ బృందం 2017లో ఈ పోగు నిర్మాణాన్ని వెల్లడించింది. కొత్త ఎంజైములు తయారయ్యేదాకా ఆగకుండా, ఉన్నవాటితోనే వేగం పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి కణానికి ఇదో మార్గం.

ఆరోగ్యంతో లింకేంటి?

ఒంట్లోకి వైరస్ చొరబడితే లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు వేగంగా రెట్టింపవ్వాలి. అందుకు సీటీపీఎస్1 తప్పనిసరి. జన్యులోపంతో ఈ ఎంజైము కొరవడిన పిల్లలు పదేపదే తీవ్ర ఇన్ఫెక్షన్ల బారిన పడుతున్నట్లు 2014లో వెల్లడైంది. ఆ కుటుంబాలు ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతానివి.

పోగులు కట్టే మరో ఎంజైము ఐఎంపీడీహెచ్. లింఫోసైట్లు విజృంభించేటప్పుడు ఇదీ పోగు కడుతుంది. పోగులో ఉన్నప్పుడు ‘ఇక చాలు’ అన్న సంకేతానికి అంత త్వరగా లొంగదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే మైకోఫినోలేట్ మందు అడ్డుకునేది ఈ ఎంజైమునే. కొత్త కిడ్నీపై సొంత రోగనిరోధక వ్యవస్థే దాడి చేయకుండా ఆపుతుంది. అందుకే డాక్టరుకు చెప్పకుండా ఈ మందును మానకూడదు.

ఇదే కుటుంబానికి చెందిన ఐఎంపీడీహెచ్1 జన్యువులో లోపం ఉంటే రేచీకటితో మొదలై క్రమంగా చూపు తగ్గించే రెటినైటిస్ పిగ్మెంటోసా రావచ్చు. ఆ లోపాల్లో కొన్ని పోగుల తీరునూ మారుస్తున్నాయి.

ఒక ఎంజైమును పూర్తిగా ఆపేస్తే మంచి కణాలకూ నష్టమే. పోగు ఎప్పుడు కడుతుందో, ఎప్పుడు విడిపోతుందో తెలిస్తే ఆ పనిని కొద్దిగా తగ్గించే, పెంచే మందులకు దారి దొరుకుతుంది. శాస్త్రవేత్తల ఆశ అదే.