ఐదో సూత్రం

బ్రిటన్ ప్రభుత్వ సొమ్ముతో మన ప్రాథమిక బడుల్లో పాఠం చెప్పే తీరు మారిందంటే ఇప్పటి కుర్ర టీచర్లు నవ్వుతారు. మా వేంసూరు వైపు బడుల్లో పంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు నవ్వు రాదు. ఆ సొమ్ముతోనే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 1984లో కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, 1989 తర్వాత అప్పటి 23 జిల్లాలకూ వచ్చింది. మేం 'ఆపెప్' అనేవాళ్లం. గదులు కట్టారు, శిక్షణలు పెట్టారు, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కూర్చుని మాట్లాడుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు.

ఆ శిక్షణలో ఆరు సూత్రాలు చెప్పారు. కృత్యాలతో నేర్పడం, చేసి తెలుసుకోనివ్వడం, జట్లుగా పనిచేయించడం, ఎవరి వేగాన్ని బట్టి వాళ్లకు చెప్పడం, ఆరోదిగా పిల్లల పనిని గోడలకు తగిలించడం. ఇవన్నీ మంచివే. నాకు పట్టుకున్నది మాత్రం ఐదోది: స్థానిక పరిసరాలను పాఠానికి వాడుకోవడం.

మా ప్రాంతంలో దానికి కొదవేముంది? వేసవి వస్తే అడవి వైపు ఊళ్ల పిల్లలు అమ్మానాన్నల వెంట తునికాకు కోతకు పోతారు. కట్టకు యాభై ఆకులు. ఇరవై కట్టలకు ఎన్ని ఆకులని అడిగితే, పలకమీద తడబడే పిల్లాడు కూడా టకీమని వెయ్యి అంటాడు. ఎక్కం అయ్యాక అసలు పాఠం మొదలయ్యేది. కొత్త ఆకు బాగా చిగురిస్తుందని కొందరు అడవికి నిప్పు పెడతారు కదా, ఆ మంటలో నేలమీద పడిన ఇప్పపువ్వు, చిన్న మొక్కలు, పక్షి గుడ్లు ఏమవుతాయి? పిల్లలు వాదించుకునేవాళ్లు. ఒకడు నిప్పు పెట్టడమే మంచిదనేవాడు, వాళ్ల నాన్న అలాగే చేస్తాడు మరి. వాణ్ణి తప్పుపట్టడం టీచరు పని కాదు. ఆకు కోతే ఆ ఇంటికి వేసవి బత్తెం. అడవీ ఉండాలి, బత్తెమూ ఉండాలి. ఈ చిక్కుముడికే ఇప్పుడు పెద్దలు 'సుస్థిర అభివృద్ధి' అని పేరు పెట్టారు.

ఆ పెద్దల కథ కూడా చెప్పుకోవాలి. 1977లో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ కలిసి అప్పటి సోవియట్ జార్జియాలోని తిబిలిసీలో పర్యావరణ విద్యపై దేశాలను కూర్చోబెట్టాయి. అదే వరసలో నాలుగో సమావేశం 2007లో మన అహ్మదాబాదులోనే జరిగింది. ఈలోగా 1991లో న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయమంది. 2005 నుంచి 2014 దాకా ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి విద్య కోసం ఓ దశాబ్దమే ప్రకటించింది. 2015లో దేశాలు ఒప్పుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 4.7 ఈ సంగతే చెబుతుంది: 2030 నాటికి చదువుకునే ప్రతి ఒక్కరికీ సుస్థిర అభివృద్ధికి కావలసిన జ్ఞానం, నైపుణ్యం అందాలి.

దేశాలు ఈ మాట నిలబెట్టుకున్నాయో లేదో నాలుగుచోట్ల చూస్తారు: విధానంలో, పాఠ్యప్రణాళికలో, టీచర్ల శిక్షణలో, పిల్లల పరీక్షలో. మొదటి రెండిటికీ మనకు మార్కులు బాగానే పడతాయి, కాగితం మీద మనవాళ్లు గట్టివాళ్లే. పరీక్ష దగ్గరే బండి ఆగుతుంది. 'అడవుల వల్ల లాభాలు రాయుము' అంటే అయిదు పాయింట్లు బట్టీపట్టినవాడికే మార్కులు, నిప్పు గురించి వాదించినవాడికి సున్నా. ఇక శిక్షణ సంగతి. విదేశీ సొమ్ము ఆగాక ఉపాధ్యాయ కేంద్రాల భవనాలు మిగిలాయి, అక్కడి మాటలు పలచబడ్డాయి. ఇప్పుడు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశమంటే సగం పూట యాప్‌లో వివరాలు ఎక్కించడం గురించే.

మొక్కలు నాటించి ఫొటో తీసి పంపితే పర్యావరణ విద్య అయిపోయిందనుకోవడం నాకు మింగుడుపడదు. మా పిల్లల చుట్టూ ఉన్నవి అంతకంటే కష్టమైన పాఠాలు. ఒకప్పటి వేంసూరు నియోజకవర్గం నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన జలగం వెంగళరావు పేరు మీదే సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గని ఉంది. బొగ్గు జీతంతో ఇళ్లు నడుస్తాయి, గనిలో పేలుళ్లకు ఇళ్లు అదురుతాయి. ఇక పామాయిల్ తోటలు సరేసరి. గెలలు చేతికొచ్చేదాకా మూడు నాలుగేళ్లు ఆగాలి, నీళ్లు బాగా కావాలి. దేశం ఈ నూనెను ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచే కొంటోంది. ఆ భారం తగ్గించుకోవాలని కేంద్రం 2021లో పామాయిల్ మిషన్‌కు 11,040 కోట్లు ప్రకటించింది. ఆ దేశాల్లో తోటల కోసం అడవులు నరికారు. ఇక్కడ వరిపొలాలు, మామిడితోటలు మారుతున్నాయి. ఒకే చెట్టు, రెండు కథలు.

అందుకే అంతర్జాతీయ సహకారమంటే నేనడిగేది పెద్ద ప్రకటన కాదు. మలేషియాలో సబా తోటల మధ్య బడి నడిపే టీచరూ మా వైపు అశ్వారావుపేట టీచరూ నెలకోసారి మాట్లాడుకునే ఏర్పాటు కావాలి. అక్కడ పన్నెండున్నర అయితే ఇక్కడ పది, రెండు బడులూ తెరిచే ఉంటాయి. బోర్లు ఎంత లోతుకు పోయాయి, గెల ధర పడిపోతే పిల్లలు బడి మానుతున్నారా, తోటలో పాము కరిస్తే ఆసుపత్రి ఎంత దూరం అని ఒకరినొకరు అడుగుతారు. దీనికయ్యే ఖర్చు ఒక సదస్సు భోజనాల బిల్లంత కూడా ఉండదు.