రోబో ఆపరేషనా? ముందు ఇవి అడగండి!

"ఇప్పుడు కోసేది డాక్టరు కాదట, రోబో అట!" ఈమధ్య మా వీధిలో గర్భసంచి ఆపరేషన్ మాట వస్తే చాలు, ఇదే వింటున్నాను. కొందరికి అదో భయం, కొందరికి అదో గొప్ప. సంగతేమిటో చూద్దామని నాలుగు పుస్తకాలు తిరగేశాను.

రోబో తనంతట తాను ఏమీ చెయ్యదండీ. లాప్రోస్కోపీలో లాగే పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, కెమెరాని, పనిముట్లని లోపలికి పంపుతారు. వాటిని పట్టుకునేవి యంత్రం చేతులు, ఆడించేది కాస్త దూరంలో కూర్చున్న డాక్టరు. మామూలు లాప్రోస్కోపీ పనిముట్లు పుల్లల్లా నిటారుగా ఉంటే, ఇవి మన మణికట్టులా తిరుగుతాయి. లోపలి భాగాలు పెద్దవిగా, లోతు తెలిసేలా కనిపిస్తాయి. ఇరుకు చోట కుట్లు వెయ్యడానికి అదో వీలు. అమెరికాలో 'డావిన్సీ' యంత్రానికి 2000లో అనుమతి వచ్చింది, స్త్రీల ఆపరేషన్లకు 2005లో.

పెద్ద కోతతో పోలిస్తే నొప్పి తక్కువ, త్వరగా కోలుకుంటాం. నిజమే. కానీ మామూలు లాప్రోస్కోపీతో చేసినా, పొట్ట కొయ్యకుండా యోనిమార్గం గుండా తీసినా దాదాపు అంతే సుఖం, ఖర్చూ తక్కువ. గర్భసంచి తీయడానికి రోబో ఒక్కటే మార్గమూ కాదు, అన్నిటికన్నా మేలైనదీ కాదని 2013లో అమెరికా స్త్రీవైద్యుల సంఘం అధ్యక్షుడే చెప్పారు. తొలిదశ గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కైతే, పెద్ద కోతతో చేయించుకున్నవారే ఎక్కువమంది బతికారని 2018లో వచ్చిన పరిశోధన తేల్చింది.

అసలు గర్భసంచి తీయాలా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే గుండె జల్లుమంటుంది. 15-49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమందికి తీసేశారు! నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే మాత్రలున్నాయి, హార్మోన్ లూప్ ఉంది. చాలామందికి వీటితోనే అదుపులోకి వస్తుంది.

అందుకని ఎవరైనా రోబో అంటే నాలుగు మాటలు అడగండి. తీయకుండా నయం కాదా? యోనిమార్గంలో గానీ, మామూలు లాప్రోస్కోపీతో గానీ కుదరదా? ఈ యంత్రంతో మీరు ఇలాంటివి ఎన్ని చేశారు? మొత్తం ఖర్చెంత? సందేహముంటే ఇంకో డాక్టరుకీ చూపించుకోండి.

మొహమాటం వద్దు. చీర కొనాలంటేనే నాలుగు కొట్లు తిరుగుతాం కదా, మన ఒంటి సంగతి అంతకన్నా తక్కువా?